దర్జీ బిగించిన కడ్డీ

ఆ కారు వయసు పద్దెనిమిదేళ్ళు. మనిషికైతే ఓటు వేసే వయసు, కారుకి మాత్రం ఊగే వయసు. మలుపు తిప్పితే చాలు, ఒక పక్కకి ఒరిగి, నిలబడదామా వద్దా అని కాసేపు ఆలోచించి, అప్పుడు నిలబడేది. నలుగురు ఎక్కితే ఎవరి మోకాళ్ళు వాళ్ళ గడ్డాలకి తగిలేంత చిన్న కారు. అయినా దర్జీకి అదంటే పంచప్రాణాలు. కుట్టిన యూనిఫారాలు దాన్లోనే ఊరంతా పంచేవాడు. ఎవరైనా దాని తలుపు గట్టిగా వేస్తే తన వేలే నలిగినట్టు మొహం పెట్టేవాడు.

దర్జీని వీధిలో అందరూ మాస్టరనే పిలిచేవారు. నిజానికి ఆ ఇంట్లో పాఠాలు చెప్పేది అతని భార్య. ఇరవై ఏళ్ళుగా లెక్కల టీచరు. ఈ అన్యాయం గురించి ఆవిడ ఎన్నడూ పేచీ పెట్టలేదు గానీ, గుమ్మంలో ఎవరైనా నిలబడి "మాస్టరున్నారా?" అంటే, "ఏ సబ్జెక్టుకి?" అని అడగనిదే లోపలికి రానిచ్చేది కాదు.

ఆ నెలలో ఆవిడకి కొండమీది బడికి బదిలీ అయింది. ముప్పావుగంట దారి, ఇరవై రెండు మలుపులు. మొదటిరోజు దర్జీ దర్జాగా కారులో దింపుదామని బయల్దేరాడు. నాలుగో మలుపుకి ఆవిడ మాటలు ఆగిపోయాయి. ఏడో మలుపుకి మొహం పాలిపోయింది. తొమ్మిదో మలుపులో దిగి వాంతి చేసుకుంది. బడికి చేరేసరికి సుద్దముక్క పట్టుకునే ఓపిక కూడా మిగల్లేదు. మర్నాడు బస్సెక్కితే అక్కడా అదే భాగోతం.

వారం తిరక్కుండా ఆవిడ ఒక నిర్ణయానికొచ్చేసింది. బడి పక్కనే ఒక గది ఖాళీగా ఉంది. సోమవారం వెళ్తే శనివారం దిగి రావచ్చు. కావాలో వద్దో ఆదివారం సాయంత్రంలోగా చెప్పమంది ఆ ఇంటావిడ.

"నాకేమన్నా సరదానా?" అంది భర్తతో. "రోజూ పొద్దున్నే కడుపులో ఉన్నదంతా కొండకి సమర్పించుకుని, ఆ తర్వాత భాగహారాలు చెప్పమంటారా?"

"సరే, నీ ఇష్టం" అన్నాడు దర్జీ.

పైకి మాత్రమే అలా అన్నాడు. సాయంత్రాలు అతను మిషను తొక్కుతుంటే ఆవిడ పక్కనే కూర్చుని పేపర్లు దిద్దేది. "ఇది చూశారా, కొడుక్కి ముప్పై ఏళ్ళుట, తండ్రికి ఆరేళ్ళుట, మార్కులెయ్యమంటారా?" అని పకపకా నవ్వేది. ఆ నవ్వు లేని ఇంట్లో వారానికి ఐదు రాత్రులు ఎలా గడపాలో అతనికి తోచలేదు. అన్నం ఎలా దిగుతుందో కూడా తెలియలేదు. కానీ ఇలాంటివి నోటితో చెప్పే అలవాటు అతనికి ఏ కోశానా లేదు. అందుకని కారు బాగుచేద్దామనుకున్నాడు.

బామ్మర్దికి టైర్ల దుకాణం ఉంది. అక్కకి తమ్ముడే గానీ, బావని ఆటపట్టించే పని మాత్రం పుట్టుకతోనే పుచ్చుకున్నట్టుంటాడు.

"బావా, నీ కారు నడుము జారింది" అన్నాడు, ఒకసారి మలుపు తిప్పి చూసి. "ముందు చక్రాలకి కడ్డీ ఉంది, వెనకవాటికి లేదు. ఇదే కారులో స్పీడు మోడలొకటి వచ్చేది చూడు, దానికైతే వెనక కూడా పెట్టారు. స్వే బార్ అంటారు. పాత సామాన్ల కొట్లో దొరికితే నీ కారుకి అతికినట్టు సరిపోద్ది."

"అదేం చేస్తుంది?"

"రెండు చక్రాల్నీ కలిపి పట్టుకుంటుంది. మలుపులో ఒకటి నొక్కుకుపోతుంటే రెండోది నాకేం పట్టిందని ఊరుకోదు, దాంతోపాటే పోతుంది. ఇంక కారు ఎటు ఒరుగుతుంది?"

దర్జీకి ఈ సిద్ధాంతం తెగ నచ్చింది. రెండు రోజులు పాత సామాన్ల కొట్లన్నీ గాలించి, బొటనవేలు లావున్న కడ్డీ ఒకటి పట్టుకొచ్చాడు. రెండు చివర్లూ వంగి, తలుపు గొళ్ళేన్ని రాక్షసులకోసం చేసినట్టుంది. తుప్పు గీకి, నల్లరంగు వేసి, పెరట్లో ఆరబెట్టాడు. బట్టలు ఆరేయడానికి వెళ్ళిన భార్య దాన్ని చూసి, ఏమిటిదని అడగబోయి, అడిగితే గంటసేపు చెబుతాడని మానుకుంది.

ఆదివారం పొద్దున్నే పని మొదలైంది. వెనక భాగాన్ని జాకీతో లేపి కింద స్టాండ్లు పెట్టారు. చక్రాలు ఊడదీశారు. దర్జీ చెవి మీద పెన్సిలు, మెళ్ళో టేపు, జేబులో సుద్ద. బోల్టు రావాల్సిన ప్రతిచోటా సుద్దతో గుర్తు పెట్టాడు.

"బావా, జేబు కూడా పెడతావా దీనికి?" అన్నాడు బామ్మర్ది.

"నువ్వు నోరు మూసుకుని కడ్డీ పట్టుకోరా."

కడ్డీ పట్టుకున్నారు, ఎత్తారు, పెట్టారు. పెడితే అది వెళ్ళి సైలెన్సర్ గొట్టాన్ని కావలించుకుంది. అరగంట కుస్తీ పట్టాక గానీ దాన్ని తలకిందులుగా పెట్టామని ఇద్దరికీ తెలియలేదు. తిరగేసి పెడితే బుద్ధిగా కూర్చుంది. మధ్యలో రెండుచోట్ల రబ్బరు బుష్‌లు తొడిగి, చివర్లని పొట్టి లింకులతో, చక్రాల్ని పట్టుకుని పైకీ కిందకీ ఆడే ఇనుప చేతులకి తగిలించారు.

సరిగ్గా అప్పుడే దుకాణం నుంచి ఫోను. ఏదో లారీకి రెండు టైర్లు ఒకేసారి పోయాయిట. బామ్మర్ది చేతులు తుడుచుకుంటూ లేచాడు.

"బావా, నట్లు చేత్తో తిప్పి వదిలెయ్. గట్టిగా బిగించకు. చివరి బిగింపు నేనొచ్చాక."

ఎందుకో చెప్పే తీరిక అతనికి లేదు. అడిగే ఓపిక దర్జీకి లేదు.

ఇక్కడ దర్జీ గురించి ఒక మాట చెప్పాలి. వదులుగా ఉన్న కుట్టు కనిపిస్తే అతనికి కాళ్ళూ చేతులూ ఆడవు. పెళ్ళిళ్ళలో కూడా ఎదుటివాడి చొక్కా గుండీ వేలాడుతుంటే సూది తీసేవాడు. అలాంటి మనిషి, కళ్ళముందు నాలుగు నట్లు వదులుగా ఊగుతుంటే ఎంతసేపు ఊరుకుంటాడు? పావుగంట ఊరుకున్నాడు. తర్వాత పెద్ద స్పానరు తీసుకుని, పళ్ళు బిగబట్టి, ఒక్కొక్క నట్టునీ అది కుయ్యోమనేదాకా బిగించాడు. చక్రాలు తొడిగి, స్టాండ్లు తీసి, కారుని దించాడు. ఎదురుగా నిలబడి నడుం మీద చేతులు పెట్టుకుని చూశాడు. తనని తానే భుజం తట్టుకోవాలనిపించింది.

"రా, కొండెక్కి చూద్దాం" అని భార్యని పిలిచాడు. "ఇవాళ్టితో నీ వాంతులకి స్వస్తి."

ఆవిడ దణ్ణం పెట్టినంత పని చేసి ఎక్కింది. వీధి చివర మలుపు తిరిగారు. కారు ఒరగలేదు. దర్జీ మీసం మీద చెయ్యి వేయబోయాడు. అంతలో వెనకనుంచి 'టక్' అని వినిపించింది. ఇంకో మలుపులో మళ్ళీ 'టక్'.

"అదేమిటి?" అంది భార్య.

"ఏదీ?" అన్నాడు దర్జీ, చెవిటివాడిలా.

మూడోసారి కాస్త గట్టిగానే కొట్టింది. ఇంక బుకాయించడం కుదరక కారు ఆపాడు. బామ్మర్దికి ఫోను చేస్తే ఎత్తడు. కిందకి దూరి చూస్తే అంతా భేషుగ్గా ఉంది. కారు కదిలితే గానీ చప్పుడు రాదు, తను నడుపుతుంటే అది ఎక్కణ్ణుంచొస్తోందో తెలియదు. వాచీ చూశాడు. మూడు దాటింది. సాయంత్రంలోగా గది ఇచ్చే ఇంటావిడకి మాట చెప్పాలి. అతని తలప్రాణం తోకకొచ్చింది.

"నేను నడుపుతా, మీరు వెనక పడుకుని వినండి" అంది భార్య.

ఆవిడకి లైసెన్సుంది. తొమ్మిదేళ్ళనుంచీ ఉంది. తమ్ముడి వ్యానుని అప్పుడప్పుడు ఊరంతా తిప్పి వస్తుంది కూడా. ఈ కారు మాత్రం ఎప్పుడడిగినా దీని క్లచ్చి గట్టిదనో, బ్రేకు కొంచెం పక్కకి లాగుతోందనో, ఇవాళ దాని మూడ్ బాగాలేదనో దర్జీ ఏదో ఒకటి చెప్పేవాడు. అసలు సంగతి, ప్రాణం ఒప్పేది కాదు. ఇప్పుడు కూడా ఒప్పలేదు. కానీ గత్యంతరం లేదు.

వెనక సీటు మడిచి, కాళ్ళు ముడుచుకుని, డిక్కీ రేకుకి చెవి ఆనించి పడుకున్నాడు. కారు కదిలింది. కుదుపు లేకుండానే కదిలింది. అది అతనికి కొంచెం బాధ కలిగించింది.

"వినిపిస్తోందా?"

"లేదు. తిన్నటి రోడ్డుమీద రాదది. మలుపు తిప్పు."

తిప్పింది. టక్. "ఎడమపక్క అనుకుంటా. ఇంకోటి తిప్పు." తిప్పింది. "కాదు కాదు, కుడిపక్క. ఇంకోటి!" ఊళ్ళో మలుపులు ఎన్నని ఉంటాయి? చప్పుడు చేతికి చిక్కినట్టే చిక్కి జారిపోతుంటే దర్జీకి పట్టుదల పెరిగింది. "కొండదారికి పోనీ. అక్కడైతే వరసగా దొరుకుతాయి" అన్నాడు.

"ఎక్కమంటారా?" ఆవిడ గొంతులో భయం వినిపించింది.

"ఎక్కు ఎక్కు, ఆపకు!"

ఎక్కింది. ఒకటి, రెండు, మూడు. దర్జీ చెవిని ఎడమనుంచి కుడికీ, కుడినుంచి ఎడమకీ మారుస్తున్నాడు. ఆరో మలుపుకి అతనికి చెమట పట్టింది. డిక్కీలో స్టెప్నీ టైరు వాసన, పెట్రోలు వాసన, పాత యూనిఫారాల మూట వాసన అన్నీ కలిసి ముక్కులో దూరాయి. ఎనిమిదో మలుపులో చప్పుడు ఎడమా కుడా అన్న ప్రశ్న మీద ఆసక్తి తగ్గింది. పదో మలుపులో పూర్తిగా పోయింది. ముందునుంచి భార్య ఏదో కూనిరాగం తీయడం లీలగా వినిపించింది.

"ఆపు" అన్నాడు పదకొండో మలుపులో. "ఆపవే తల్లీ!"

పిట్టగోడ పట్టుకుని దర్జీ మధ్యాహ్నం భోజనం మొత్తం అప్పజెప్పాడు. భార్య వీపు రాసింది, నీళ్ళ సీసా అందించింది. మొహం కడుక్కుని తలెత్తి చూశాడు. ఎదురుగా ఆవిడ, వీధి గుమ్మంలో నిలబడ్డంత మామూలుగా ఉంది.

"నీకేం కాలేదా?"

"నాకేం కావాలి?" అని, సగంలో ఆగిపోయింది. వెనక్కి తిరిగి దిగువన మెలికలు తిరుగుతున్న దారిని చూసింది. వేలితో లెక్కపెట్టింది. లెక్కల టీచరు కాబట్టి రెండుసార్లు లెక్కపెట్టింది. "పదకొండు! ఏవండీ, పదకొండు మలుపులు! తిప్పేది నేనే కదా, ఎటు తిరుగుతుందో నాకు ముందే తెలుస్తోంది. కడుపుకి కబురందుతోంది!"

అప్పుడు మోగింది ఫోను.

"బావా, పని అవలేదు గానీ ఒక్క మాట," అన్నాడు బామ్మర్ది. "నట్లు బిగించలేదు కదా?"

"కొంచెం" అన్నాడు దర్జీ.

"బిగించేశావా! చక్రాల చేతులు గాల్లో వేలాడుతుండగానే? సరిపోయింది. ఒక్కటి చెప్పు బావా, ప్యాంటు పొడవు చూడాలంటే మనిషిని నిలబెట్టి చూస్తావా, దూలానికి వేలాడదీసి చూస్తావా?"

ముప్పై ఏళ్ళ వృత్తిలో దర్జీని ఇంత మాట ఎవరూ అనలేదు. అన్నందుకు కోపం రాలేదు, నిజమైనందుకు వచ్చింది. ఆ చేతులు వేలాడుతుండగా బిగిస్తే, కారు దిగి నిలబడగానే రబ్బర్లన్నీ మెలిపడతాయి. మలుపులో ఆ మెలికే తన్నుతుంది. ఇప్పుడు నాలుగు నట్లూ వదులుచేసి, కారు తన బరువు మీద తాను నిలబడి ఉండగా మళ్ళీ బిగించాలి. అంతే పని.

దారి పక్కన చదునైన చోటు చూసి ఆపుకున్నారు. చక్రాలకి రాళ్ళు పెట్టి దర్జీ కిందకి దూరాడు. భార్య డిక్కీలోంచి స్పానర్లు తీసి అందించింది. పావుగంటలో పని ముగించి, మొహానికి గ్రీజుతో బయటికొచ్చి, అలవాటుగా డ్రైవరు తలుపు వైపు నడిచాడు. ఆవిడ అప్పటికే స్టీరింగు ముందు కూర్చుని అద్దం సరిచేసుకుంటోంది. దర్జీ చుట్టూ తిరిగి పక్క సీట్లో కూర్చున్నాడు.

మిగిలిన పదకొండు మలుపుల్లో కారు ఒరగలేదు, కిమ్మనలేదు. బడి దాటి, గది ఉన్న ఇంటి ముందు ఆవిడ ఇంజను ఆపింది. ఇంటావిడ వరండాలో కూర్చుని కూరలు తరుగుతోంది.

"రోజూ ఇలా వచ్చి వెళ్ళగలను" అంది భార్య. "కానీ కారు పొద్దుణ్ణించి సాయంత్రం దాకా నా దగ్గరే ఉండిపోతుంది. మీ యూనిఫారాలెలా పంచుతారు? మీకు ఇబ్బందైతే చెప్పండి, గది తీసుకుంటాను. నిజంగానే అడుగుతున్నాను."

దర్జీ డ్యాష్‌బోర్డు వైపు చూశాడు. తొమ్మిదేళ్ళుగా తను చెప్పిన క్లచ్చి సాకులూ బ్రేకు సాకులూ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. సిగ్గేసింది. ఇవాళ కూడా 'నీ ఇష్టం' అనేస్తే పని అయిపోతుంది, నోరు నొప్పి పుట్టదు. కానీ అదే మాట అంటే ఈవిడ దిగి వెళ్ళి గది తీసుకున్నా తీసుకుంటుంది. కాబట్టి గొంతు సవరించుకున్నాడు.

"సైకిలు మీద పంచుతా. కారు నువ్వే ఉంచుకో. అది రాకపోయినా ఫర్వాలేదు, సాయంత్రానికి నువ్వు ఇంటికి రా. నువ్వు లేకపోతే నాకు... ఇంట్లో ఉండబుద్ధి కాదు. వారంనుంచీ చెబుదామనుకుంటున్నా."

ఆవిడ అతని గ్రీజు మొహంకేసి చూసింది.

"ఈ ఒక్క ముక్క చెప్పడానికి మీకింత ఇనుము కావాల్సొచ్చిందా?" అంది.

దిగి వరండా వైపు నడిచింది. మధ్యలో ఆగి కళ్ళజోడు తీసి, చెంగుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకోవడం దర్జీ చూశాడు. ఇంటావిడ కత్తిపీట పక్కకి జరిపి, గది సంగతేం చేశారమ్మా అని అడిగింది.

"వద్దండీ" అంది భార్య. "మా ఆయనకి పొద్దుపోదుట."