ఒక్క ‘ఊఁ’

కుట్టుపనివాళ్ల ఆరోగ్య సంఘానికి ఆమె అధ్యక్షురాలు. అందరికీ పెద్దక్క. నెలనెలా తలా కొంత వేసుకుంటారు. ఎవరికి జబ్బు చేసినా ఆసుపత్రికి సంఘమే పూచీ. పోయినేడు ఆమె సొంత తమ్ముడే, "గుండ్రాయిలా ఉన్నాను, నాకెందుకక్కా ఈ దండగ?" అని తప్పుకున్నాడు.

ఆ మధ్యాహ్నం కుట్టుమిషన్ల హోరులోకి మరదలు పరుగున వచ్చింది.

"వదినా! ఆయనకి గుండెపోటు. వెంటనే ఆపరేషన్ చెయ్యాలట, ముందే కట్టమంటున్నారు. సంఘం పూచీ ఉంటే చాలట!"

మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. కాజాలు కుట్టే ముసలామె మెల్లగా అంది: "నా కూతురు సంఘం మానేశాక జబ్బు పడితే లేదన్నావు పెద్దక్కా. గొలుసమ్ముకుని వైద్యం చేయించాం."

పెద్దక్క సంఘం లెక్కల పుస్తకం వైపు చూసింది. బాగున్నప్పుడు మానేసి, జబ్బు చేశాక వచ్చేవాళ్లకల్లా ఇస్తే చిల్లికుండలో నీళ్లు పోసినట్టే. రేపోమాపో కాన్పు కావాల్సిన కటింగు పిల్లకి ఏం మిగులుతుంది?

ఆసుపత్రికి ఫోన్ చేసింది. గుమాస్తా గొంతు గుర్తుపట్టాడు.

"సంఘం తరఫునేనా అమ్మా? ఊఁ అనండి చాలు, లోపలికి తీసుకెళ్తారు."

మరదలు ఆమె చెయ్యి వేళ్లు విరిగేలా నొక్కుతోంది.

"కాదు బాబూ. వాడు సంఘంలో లేడు. అక్కగా అడుగుతున్నాను. నా ఇల్లు పూచీ పెడతా. నేనొచ్చేలోగా మొదలుపెట్టండి."

"డాక్టరుగారిని అడగాలి." ఫోన్ పెట్టేశాడు.

మరదలు ఆమె చెయ్యి విదిలించేసింది. "ఆయనకేమన్నా అయితే నీ మొహం చూడను వదినా!"

ఆసుపత్రి రెండు వీధుల అవతల. పెద్దక్క పరుగులాంటి నడకతో వెళ్తోంది. వాడు పోతే? అప్పుడీ న్యాయం ఎవరికి చెప్పుకోను?

గుమ్మంలోనే డాక్టరు ఎదురైంది. "లోపలికి పంపేశాం. ఇన్నేళ్లలో సంఘంలో లేనివాళ్లని మీరు ఉన్నారని ఎప్పుడూ అనలేదు. అందుకే మీ మాట నమ్మాను. ఇంటి పూచీకి సంతకం పెట్టండి."

పెద్దక్క సంతకం పెట్టింది.

తమ్ముడు బతికాడు. ఇల్లు తాకట్టుకెళ్లింది. వాడు చాలాకాలం అక్కతో పలకలేదు. చివరికి ఒకనాడు అడిగాడు: "ఊఁ అంటే నీ సొమ్మేం పోయేదక్కా?"

"నాదైతే ఇచ్చేదాన్నిరా. ఇచ్చాను కూడా. అది నాది కాదు."

ఇంకో నెలకి సంఘంలో చేరతానని వచ్చాడు. కొత్తవాళ్లకి ఏడాది దాకా సాయం అందదని ఆమె అందరికీ చెప్పినట్టే చెప్పింది. వాడి మొహం మాడిపోయింది. చందా మాత్రం బల్ల మీద పెట్టి వెళ్లాడు.