పంపుకి చెంప ఉందా

మనుషుల్ని అలల మీద లాక్కెళ్లే పెద్ద గాలి కైట్లు, చిరిగితే పొద్దున్నే ఆమె దుకాణానికి వచ్చేస్తాయి. ఉప్పు కడిగి ఆరేస్తుంది. కైట్ అంచున గాలి నింపే ట్యూబుకి పడిన చిల్లు మీద అతుకు వేసి, నోటితో ఓ ఊపిరి ఊది, అతుకుకి చెంప ఆనించి కళ్లు మూసుకుంటుంది. ఏమాత్రం గాలి కారినా చెంపకి తెలిసిపోతుంది. ముప్పై ఏళ్లుగా ఇదే పని.

ఆమె ఊపిరి పడిన కైట్ ఆమె పిలిస్తే దిగుతుంది. ఆ సంగతి తీరమంతటికీ తెలుసు. వాన కమ్ముకొస్తే పోటీలవాళ్లు కబురు పెట్టేవారు, "ఆంటీ, ఓసారి కేకేసి పోండి" అని. ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చి పిలిచేది. కైట్లు తమని పట్టుకున్నవాళ్లతో సహా మెల్లగా ఒడ్డుకి చేరేవి. వాళ్లని వెనక్కి తెచ్చే పడవవాడు డీజిలు మిగిలిందని సంబరపడేవాడు.

ఈ ఏడు ఆట మారింది. అలల మీద ఎవరు ముందన్నది ఎవరికీ పట్టడం లేదు. కొత్త కైట్లు మనిషిని నిమిషాల తరబడి పైన నిలబెడుతున్నాయి. ఎక్కువసేపు పైనుంటే గెలుపు. ఇకముందు కైట్‌సర్ఫింగ్ అంటే ఇదేనట. ఫైనల్లో మొదటి ఇద్దరికే ప్రపంచ పోటీల్లో చోటు.

"అమ్మా, నా కైట్‌లో ఊదకు," అంది ఫైనల్‌కి చేరిన కూతురు.

"కారుతోందో లేదో ఎలా తెలిసేది?"

"పంపు ఉందిగా."

"పంపుకి చెంప ఉందా?"

"నవ్వించకు. ఊదనని మాటివ్వు."

ఇచ్చింది. ఫైనల్ ముందురోజు అతుకు వేశాక, బుద్ధికంటే ముందు నోరు వంగింది. ఒక్క ఊపిరే. ట్యూబు ఖాళీ చేసి పంపుతో నింపితే సరిపోయేది. మూత బిగించి ఊరుకుంది.

చివరికి పైన కూతురితో కలిపి ముగ్గురు మిగిలారు. సముద్రం మీద మబ్బు నల్లబడింది. ఒడ్డున తల్లి తువ్వాలు నోట్లో కుక్కుకుంది. ఏడు నిమిషాలు ఓర్చుకుంది. ఎనిమిదో నిమిషంలో తువ్వాలు జారింది.

"పిచ్చుకా, దిగమ్మా," అంది, కూతుర్ని చిన్నప్పటి నుంచి పిలిచే పేరుతో. అది కేక కూడా కాదు.

కైట్ తల తిప్పింది. ఎంత లాగినా వినకుండా కూతుర్ని తడి ఇసుక మీద పువ్వులా దించింది. మిగతా ఇద్దరూ ఇంకో రెండు నిమిషాలుండి నవ్వుతూ దిగారు. మబ్బు ఎటో పోయింది.

"ఊదావు కదూ."

"మబ్బు చూసి, తల్లీ..."

"మబ్బు ఎప్పుడూ ఉంటుందమ్మా."

మరుసటి ఏడు పోటీ కైట్లన్నిటికీ యంత్రంతో గాలి నింపి సీలు వేయడం మొదలైంది. కూతురు వేరే తీరానికి వెళ్లిపోయింది. వారానికోసారి ఫోను చేస్తుంది. తిన్నావా అంటే తిన్నానంటుంది. కైట్ మాట మాత్రం ఎత్తదు.

ఓ రోజు తల్లి దుకాణంలో కూర్చుని ఫోన్‌లో కూతురి పోటీ చూస్తోంది. పదకొండు నిమిషాలు. పన్నెండు. కూతురు చుక్కంత అయిపోయింది. దాని వెనక మబ్బు.

"పిచ్చుకా, చాలు, దిగమ్మా."

కప్పుకి వేలాడుతున్న కైట్లన్నీ కొక్కేలు వదిలి, ఒక్కొక్కటే వచ్చి ఆమె కాళ్ల దగ్గర, ఒళ్లో, భుజాల మీద వాలాయి. ఫోన్‌లో ఆ చుక్క ఇంకా పైకి పోతూనే ఉంది.