మూడు రాళ్లు

మిట్టమధ్యాహ్నపు ఎండలో గిడ్డమ్మ తన నలభై గొర్రెలనూ వంక అవతలికి తోలుతూ మాటిమాటికీ వెనక్కి తిరిగి చూస్తోంది. బీడు మధ్యలో తెల్లజీపు ఆగి ఉంది. నిన్న కూడా వచ్చిందది. వరుసగా రెండు రోజులు వచ్చినవాడు ఊరికే రాడు.

బోదగడ్డి, కంపచెట్లు, ఎర్రటి గులకరాళ్లు తప్ప అక్కడ ఏమీ లేదని కొత్తవాళ్లు అనుకుంటారు. ఉడుముల బొరియలూ, జింకలు పడుకునే పల్లాలూ, నక్క నీళ్లు తాగే గుంటా గిడ్డమ్మకు తెలుసు. ఆ పొద్దున గడ్డిలో బట్టమేక పిట్ట కనబడింది. మేకపిల్లంత ఎత్తుండే ఆ పిట్ట ఈ దిక్కున కనబడి పదేళ్లు దాటింది. అది లేచి నడిచిపోయిన చోట, వట్టి నేల మీద, ఒకే ఒక గుడ్డు. గిడ్డమ్మ ఈరన్నసామికి దండం పెట్టుకొని చుట్టూ మూడు రాళ్లు పెట్టింది. ఇటు గొర్రెలను తోలవద్దని కాపరులు ఒకరికొకరు చెప్పుకునే గుర్తు అది.

గుడ్డు జాడ పట్టిస్తుందేమోనని ఇప్పుడు ఆ గుర్తే ఆమెకు భయమైంది.

గొర్రెలను వంక దాటించి గిడ్డమ్మ వెనక్కి వచ్చేసరికి జీపులోంచి సర్వేయరు జయపాల్ దిగాడు. వెనకే కాపరులకు పెద్దదిక్కైన ఉరుకుందప్ప, చేతిలో కాగితం, సిరాడబ్బా.

"ఏమమ్మా, ఈ బీట్లో జింకలు, పిట్టలు ఏమన్నా ఉండాయా?"

"మీరు భూమి కొలిసేటోళ్లు గదా సార్, పిట్టలతో మీకేం పని?"

"ఊరికే అడుగుతాండా."

"ఊరికే అడిగేదానికి కాగితం ఏంటికి?"

ఉరుకుందప్ప నవ్వాడు. "ఈ యమ్మకు నోరు శానా పెద్దది సార్. గిడ్డమ్మా, ఈడ ఏ జీవాలూ లేవని రాసుండాది. అందరూ ఏలిముద్ర ఏసినారు, నువ్వొక్కదానివే బాకీ. అట్ల రాస్తేనే సోలారు పలకలకు ఈ బీడు ఇస్తారంట, అవొస్తే మన పిల్లోళ్లకు కాపలా పనులిస్తారంట."

"గొర్రెలు యాడ మేస్తాయి మామా, పలకల మీదనా?"

 జయపాల్ చూపు గడ్డిలోకి పోయింది.

"అవేంది, ఆ మూడు రాళ్లు? ఎవురో పెట్టినట్టుండాదే."

అతను అటు అడుగేయగానే గిడ్డమ్మ అడ్డం వచ్చింది. "ఈరన్నసామి రాళ్లు సార్! చెప్పుకాళ్లతో పోవాకండి."

సామి పేరు మీద అబద్ధమాడటం ఆమెకు అదే మొదలు. సామి పుట్టించిన జీవం కోసమే కదా, కోపగించుకుంటాడా? ఏమో. కానీ ఉరుకుందప్పకు ఆ గుర్తు తెలుసు. చిన్నప్పుడు ఆమెకు నేర్పిందే ఆయన. ఆయన కొడుక్కి కాపలా పని ఖాయమైందని ఊరంతా అనుకుంటోంది. ఆయన ఒక్క మాటంటే చాలు, గుట్టు బయటపడుతుంది.

ఉరుకుందప్ప రాళ్లను చూశాడు. ఆమెను చూశాడు. మెల్లగా చెప్పులు విడిచి, రాళ్లకేసి చేతులు జోడించాడు.

జయపాల్ ఆగిపోయాడు. గిడ్డమ్మ ఉరుకుందప్ప ముఖంలోకి చూసింది. ఇది సాయమా, తనను మెత్తబరిచే ఎత్తా? ఆలోచించేలోపే ఆయన సిరాడబ్బా ముందుకు చాచాడు.

"దండం పెట్టుకుంటిమి గదా. ఏలు పెట్టు."

ఆమె బొటనవేలు సిరాలో ఆనించింది. కాగితం దాకా వచ్చిన చెయ్యి ఆగింది.

"ఏ జీవాలూ లేవంటే, ఈ గొర్రెలేంది మామా? నేనేంది? నేను ఎయ్యను."

సిరా వేలిని కొంగుకు తుడుచుకుంది.

ఉరుకుందప్ప డబ్బా మూత పెట్టలేదు. రాళ్ల గుట్టు విప్పలేదు, చెప్పులూ తొడుక్కోలేదు. కాలిపోతున్న గులకరాళ్ల మీద వట్టికాళ్లతో అట్లానే నిలబడి ఉన్నాడు.