కాలిన రిలే

పక్షవాతం నుంచి లేచాక కూడా పెద్ద మేస్త్రీ షెడ్డుకు రావడం మానలేదు. కుడిచెయ్యి సగమే మాట వినేది. నోరు మాత్రం పూర్తిగా కోలుకుంది. "మొద్దూ, పానా అలాగేనా పట్టుకునేది?" అని అందరి ముందూ తమ్ముడి మీద అరిచేవాడు. తమ్ముడికి కణతల దగ్గర నెరిసింది. అయినా ఆ వీధిలో చాలామందికి అతని పేరు మొద్దే. అన్న పెట్టిన పేరు, జనం ఖాయం చేశారు.

బ్రేకుల పనికని ముందురోజు వదిలి వెళ్ళిన పాలవ్యాను కోసం డ్రైవరు పొద్దున్నే వచ్చాడు. బాగా చలిగా ఉంది. సెల్ఫ్ కొడితే ఇంజను తిరిగింది కానీ అంటుకోలేదు. పొగగొట్టంలోంచి తెల్లగా, ఘాటుగా పొగ వచ్చింది.

"నిన్న బాగానే వచ్చిందే," అన్నాడు డ్రైవరు.

"గ్లో ప్లగ్గులు వేడెక్కడం లేదు," అన్నాడు తమ్ముడు. "ఈ చలిలో అవి లోపల గాలిని కాచకపోతే డీజిల్ అంటుకోదు. అన్నయ్యా, నువ్వే చూడు. నా చేతికి దొరకదు ఇది."

పెద్ద మేస్త్రీ మొహం వెలిగిపోయింది. "నీ చేతికి ఏం దొరికింది గనక?" అంటూ లేచాడు.

తాళం తిప్పించి చెవి ఒగ్గాడు. ప్లగ్గులకు కరెంటు వదిలే రిలే టిక్కుమంది. ప్లగ్గులకు వచ్చే తీగ ఊడదీసి, దాని కొసకు మీటరు పెట్టాడు. పన్నెండు వోల్టులు. మామూలుగా అయితే అదే తీగకు ఒక హెడ్‌లైటు బల్బు తగిలించి, బరువు పడ్డాక కరెంటు నిలబడుతుందో లేదో చూసేవాడు. ప్లగ్గులను కూడా ఒక్కొక్కదాన్నే మీటరుతో పరీక్షించేవాడు. ఎడమచేత్తో అదంతా చేయాలంటే చాలాసేపు పడుతుంది.

"పాలు విరిగిపోతాయి అన్నయ్యా, ఆయన తొందరలో ఉన్నాడు," అన్నాడు తమ్ముడు.

"కరెంటు వస్తోంది, వేడి రావడం లేదు. ఇంకేముంది, ప్లగ్గులే పోయాయి. విప్పేస్తాను."

"నేను విప్పనా?"

"నువ్వు విప్పితే ఇంజను తూకానికి అమ్ముకోవాలి."

డ్రైవరు నవ్వాడు. తమ్ముడు కూడా నవ్వి, పొడుగుపాటి పానా తెచ్చి అన్న ఎడమచేతిలో పెట్టాడు. ఇంజను చల్లగా ఉంది. మసి పట్టి బిగుసుకుపోయిన ప్లగ్గును అలాంటప్పుడు మెల్లగా, ముందుకొకసారి వెనక్కొకసారి కదిలిస్తూ తీయాలి. ఆ సంగతి పెద్ద మేస్త్రీకి తెలియక కాదు. ఎడమచేతికి ఆ నాజూకు లేదు. పానా ఆగింది. ఒంటి బరువంతా వేశాడు. టక్కుమని శబ్దం వచ్చింది. ప్లగ్గు పైముక్క పానాలో ఉండిపోయింది. కిందిముక్క ఇంజను హెడ్డులో ఇరుక్కుపోయింది.

తమ్ముడు తాపీగా వచ్చి రిలే ఊడబెరికి, జేబులోంచి ఇంకోటి తీసి పెట్టాడు. అన్న వదిలేసిన తీగకు ఒక బల్బు తగిలించి తాళం తిప్పాడు. బల్బు భగ్గున వెలిగింది.

"రిలే లోపల కాలిపోయిందంతే. టిక్కుమంటుంది, మీటరుకు వోల్టులు చూపిస్తుంది, బరువు పడితే చేతులెత్తేస్తుంది. చిన్నపిల్లాడికైనా మొదట నేర్పేది ఇదేగా అన్నయ్యా." తర్వాత డ్రైవరు వైపు తిరిగాడు. "ముక్క తీయాలంటే హెడ్డు దించాలి. పాలు నా ఆటోలో పంపిస్తాను. ఇకమీదట ఈయన పానా ముట్టుకోడు, హామీ నాది."

డ్రైవరు పెద్ద మేస్త్రీ వైపు చూశాడు. "ఇంట్లో కూర్చోవచ్చుగా పెద్దాయనా. ఎవరి ఇంజను మీద పడతావు ఇలా?"

తమ్ముడు నేల మీద పడేసిన పాత రిలేను పెద్ద మేస్త్రీ వంగి తీసుకున్నాడు. ఇంటికి నడిచినంతసేపూ దాన్ని గుప్పిట్లోనే పెట్టుకున్నాడు.

మధ్యాహ్నం భార్య అన్నం కలిపి నోటికి అందిస్తుంటే ఆయన ముద్ద తీసుకోలేదు. రిలేను ఆమె ముందు పెట్టాడు. దాని మూత మీద పచ్చరంగు మరక ఉంది.

"ఇది ఆ వ్యానుది కాదు. పోయిన చలికాలం నేనే విప్పి చెత్తడబ్బాలో పారేశాను. మంచిది తీసి వాడే ఇది పెట్టాడు."

ఆమె ఆ మరక వైపు ఒకసారి చూసి, ముద్దను మళ్ళీ ఆయన నోటి దగ్గరకు తెచ్చింది.

"నీ కొడుకులా చూసుకుంటావే వాణ్ణి. చూడు ఏం చేశాడో."

"తెలుసండీ. తెల్లవారుతుండగా బానెట్ కింద చీకటిగా ఉందంటే నేనే లైటు పట్టుకున్నాను."

ఆయన ఆమె మొహంలోకి చాలాసేపు చూశాడు. ఆమె కుడి కనుబొమ మీద పాత గాటు ఒకటి ఉంది. ఒకప్పుడు కూరలో ఉప్పు ఎక్కువైందని ఆయన విసిరిన కంచం తగిలింది అక్కడే.

"ఇంత కోపమా నా మీద?"

"కోపం ఎప్పుడో చల్లారిపోయిందండీ. మీరు ఇంటిపట్టున ఉంటే ఆ పిల్లాడు నలుగురిలో తలెత్తుకుని పనిచేసుకుంటాడు. మంచిమాటగా చెబితే మీరు వినే రకమా?"

"ఇంట్లో ఉంటే రోజంతా భరించాల్సింది నువ్వేగా?"

"భరిస్తాను. ఇప్పుడు మీరు విసిరినా కంచం అంత దూరం రాదు."

ఆయన మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఆమె ముద్ద పట్టుకుని అలాగే కూర్చుంది. బతిమాలలేదు, లేచిపోలేదు. కాసేపటికి ఆయనకు ఆకలేసింది. నోరు తెరిచాడు.

మర్నాడు పొద్దున ఆయన పనిచొక్కా తొడుక్కున్నాడు గానీ బొత్తాలు పెట్టుకోలేకపోయాడు. "ఇలా రా, ఇవి పెట్టు," అని పిలిచాడు. ఆమె అప్పటికే చెప్పులు వేసుకుంటోంది.

"హెడ్డు దించుతున్నారు, మనిషి సాయం కావాలన్నాడు. వెళ్ళొస్తాను. మంచినీళ్ళు పక్కనే పెట్టాను."

"నేనూ వస్తాను. ఆ విరిగిన ముక్క సిలిండర్లోకి జారకుండా తీయడం వాడికి రాదు."

"రాకపోతే నేర్చుకుంటాడు లెండి," అని ఆమె తలుపు దగ్గరికి లాగి, బయట గొళ్ళెం పెట్టి వెళ్ళిపోయింది. ఆయన ఆమెను పేరు పెట్టి పిలిచాడు. ఆ తర్వాత తమ్ముణ్ణి కూడా, మొద్దూ అని కాదు, అసలు పేరుతో పిలిచాడు. వీధిలో ఎవరో ఆగి విన్నారు. వినీ వెళ్ళిపోయారు.