వేషం తీసిన దినం

గండయ్య కడుపు ఎట్ల మండిందో చెప్తే ఇప్పటోళ్ళు నవ్వుతరు. నవ్వుండ్రి, ఆయన మాత్రం నవ్వలె.

యాభై ఏడు ఎలక్షన్లప్పటి ముచ్చట. కట్టంగూరుల వారం దినాలు ఆయన వేషాలు కట్టిండు. ఒకనాడు శివుడు, ఒకనాడు పిచ్చి ఫకీరు, ఒకనాడు పోలీసు దారోగ. దారోగను చూసి సాలెవాడల మగ్గాలు ఆగినయ్. ఆ వాడల ముసలి బీరమ్మైతే కోళ్ళను గంప కింద దాసింది. వేషమున్నన్ని దినాలు చెయ్యి చాపొద్దు. ఆఖరి దినం రంగు కడిగి, ఉత్త మొఖంతోటి ఇంటింటికి పోయి దండం పెడితే చాటలతోటి జొన్నలు పోస్తరు. వానలు పడేదాక పెండ్లాం పిల్లలకు అదే తిండి.

ఆ దినం గండయ్య వాగుల మొఖం కడుక్కొని వచ్చేసరికి పొద్దెక్కింది. ఆయనకంటె ముందుగాల, పట్నంల ఉండి ఎలక్షన్ల నిలబడ్డ దొర జీపు దిగిండు. తెల్లబట్టలు, జోడించిన చేతులు, "అమ్మా, మీ దయ" అనుకుంట గడపగడపకు తిరిగిండు. అచ్చం గండయ్య అనే మాటలే! రంగు లేని వేషగాణ్ణి గాని, దొరను గాని ఎన్నడూ చూడని ఆడోళ్ళు వేషగాడే అనుకున్నరు.

"వారెవ్వా! దారోగవై నా గుండెలు జారగొట్టినవ్ గదర కొడుకా!" అని బీరమ్మ చాటెడు జొన్నలు పోసింది. దొరకు సమజ్ కాలె. అయినా ఇచ్చింది వద్దంటడా? జీపుల రెండు సంచులు నిండినయ్.

ఎనక గండయ్య పోయి దండం పెడితే, ఓట్లాయన ఈయనే అనుకొని బీరమ్మ తలుపు సందుల నుంచే అన్నది: "మొత్తుకోకు నాయినా, మా ఓట్లన్ని నీకే."

"ఓట్లు బుక్కుతనా అవ్వా!" గండయ్య ఏడ్చినంత పనిచేసి జీపుకాడికి ఉరికిండు. "అయ్యా, గవి నా జొన్నలు. నేను పగటివేషగాణ్ణి."

"అంటే?" అన్నడు దొర.

"రాత్రి ఆటకు తెర ఉంటది, దీపముంటది. మేము పట్టపగలు, మనుషుల నడుమ తిరిగి నమ్మిస్తం. గందుకే గా పేరొచ్చిందని మా బాపు చెప్పేటోడు. ఆఖరుకు అసలు మొఖం చూపెడ్తం. చూపెట్టకుంటే గది వేషం గాదయ్యా, దగా!"

దొర చుట్టూ మూగిన జనాన్ని చూసిండు. జీపెక్కి నిలబడి గొంతు పెంచిండు: "పేద కళాకారుణ్ణి ఆదుకునుడు మన ధర్మం! నా తరఫున రెండు సంచుల జొన్నలు!"

వాడంత చప్పట్లు. ఎవరు దొరనో ఎవరు వేషగాడో అప్పుడు ఎరుకైన ఆడోళ్ళు, గవి తాము పోసిన జొన్నలే అన్నది మరిచి కండ్లు తుడుసుకున్నరు. "ఎంత పెద్ద మనసో!" అన్నది బీరమ్మ.

గండయ్యకు సిగ్గయింది, ఒళ్ళు మండింది. పిల్లలు యాదికొచ్చి తన జొన్నలకే వంగి దండం పెట్టిండు. దొర ఆయన భుజం తట్టి, చెవిల మెల్లగ అన్నడు:

"పిచ్చోడా, అసలు మొఖం ఎందుకు చూపెడ్తవ్‌రా?"