ఊరికే

ఆదివారం పొద్దున్నే ఆమె ప్లాస్టిక్ కవర్లు కడుగుతోంది. రొట్టెలు పెట్టిన కవర్లు, కూరగాయలు తెచ్చిన కవర్లు, ఎవరింట్లోనో పళ్ళు చుట్టి ఇచ్చిన కవర్లు. ఒక్కోదాన్నీ తిరగేసి, సబ్బు రాసి, మూలల్లో జిడ్డు పోయేదాకా వేలు పెట్టి రుద్ది, సింకు మీద కట్టిన తాడుకి క్లిప్పులతో ఆరేయాలి. ఆరాక మడతపెట్టి సొరుగులో సర్దాలి. ఈ దేశానికి వచ్చినప్పటినుంచి ఆ ఇంట్లో ఒక్క కవరూ చెత్తబుట్ట మొహం చూడలేదు. అందుకు వచ్చే మెచ్చుకోళ్ళన్నీ ఆమె భర్తకే.

ఆయన పొదుపరి. పైగా ప్రకృతి ప్రేమికుడు. ఆ రెండూ ఒక్క మనిషిలోనే కుదరడం ఆమె ఖర్మ. వారమంతా ఆఫీసు, ఆదివారం కొండలు. ఇక్కడ స్థిరపడ్డ మనవాళ్ళు కొందరు ఆయన వెంట నడుస్తారు, ఆయన్ని గురువుగారూ అని పిలుస్తారు. "మనిషికి నిజంగా కావలసింది చాలా తక్కువ" అని గురువుగారు ఏ రాయి మీదో కూర్చుని సెలవిస్తారు. ఆ తక్కువలో ఫ్లాస్కునిండా వేడి టీ, పొద్దున్నే కాల్చిన రొట్టెలు, తడిస్తే మార్చుకోవడానికి ఉతికిన మేజోళ్ళు ఉంటాయి. అవన్నీ సంచిలోకి ఎలా వచ్చాయో ఆ ప్రకృతికే తెలియాలి.

వాషింగ్ మెషీన్ కరెంటు తాగేస్తుందని ఆయనకి బెంగ. కాబట్టి బురద కొట్టుకుపోయిన ప్యాంట్లు ఆమె స్నానాల తొట్టిలో చేత్తో ఉతుకుతుంది. బస్సు దండగ. కాబట్టి ఊరి చివర చవక అంగడికి నడిచి వెళ్ళి, రెండు చేతులా సంచులు మోసుకొస్తుంది. "మా ఆవిడకి నడక పడదు" అని ఆయన అందరికీ చెబుతాడు. దారిపక్క రాలిన పళ్ళు ఏరుకొచ్చి వంటింటి గట్టుమీద కుమ్మరించి, "చూశావా, ఊరికే వచ్చాయి!" అంటాడు. పురుగులు ఏరి, గింజలు తీసి, సాయంత్రమంతా పొయ్యి ముందు నిలబడి జామ్ కలిపేది ఆమె. ఫోనులో అత్తగారు, "ఇంట్లో ఊరికే కూర్చుంటే నీకు పొద్దెలా పోతుందమ్మా?" అని జాలిపడుతుంది. ఊరికే అన్న మాట ఎంత సౌకర్యమైనదో ఆమెకి ఈ ఇంట్లోనే తెలిసింది. డబ్బు పెట్టకుండా వచ్చిందీ ఊరికే, పనీపాటా లేకుండా కూర్చోవడమూ ఊరికే. ఆయనకి ఊరికే వచ్చిన ప్రతిదాని వెనకా ఆమె ఊరికే కూర్చుని ఉంది.

ఒక్క పని మాత్రం ఆమెకి ప్రాణం. కుట్టడం. వీపుసంచి పట్టీ తెగినా, టెంటు చిరిగినా ఆయన కొత్తది కొనడు. మొదట్లో తిట్టుకుంటూ కుట్టేది. రానురాను లోపల పాత బెల్టుముక్క వేసి బిగించడం, నీళ్ళు దిగకుండా కుట్టు మీద మైనం రుద్దడం తనకు తానే పట్టుకుంది. కుడుతున్నంతసేపూ ఆ ఇంట్లో ఎవరి మాటా ఆమె చెవికెక్కదు. అంగడికి వెళ్ళే దారిలో, కొండలెక్కేవాళ్ళ సామాను అమ్మే కొట్టు ఒకటుంది. అద్దంలోంచి లోపలి కుట్టుమిషన్ కనబడుతుంది. చేతుల్లో సంచులతో అక్కడ నిలబడి చాలాసార్లు చూసింది. లోపలికెళ్ళి పనడగాలని మనసు పీకేది, నోరు పెగిలేది కాదు. "నీకొచ్చిన భాషకి ఎవరిస్తారే పని?" అని ఆయన ఒకసారి నవ్విన నవ్వు ఆ గుమ్మంలోనే అడ్డంగా నిలబడేది.

ఆ ఆదివారం వాన పట్టుకుంది. నడక మధ్యలో ఆపేసి గుంపంతా వాళ్ళింటికి వచ్చిపడింది. హీటరు వెయ్యలేదు. పదిమంది చేరితే ఒంటి వేడే చాలని గురువుగారి సిద్ధాంతం. ఆమె టీలు అందిస్తుంటే ఆయన తన వీపుసంచి ఎత్తి చూపించాడు. "ఎన్నేళ్ళదో చెప్పుకోండి! మా ఆవిడ ఇంట్లో ఊరికే ఉంటుంది కదా, మీ చిరుగులన్నీ ఇక్కడ వదిలి వెళ్ళండి. వచ్చే ఆదివారానికల్లా కుట్టిపెడుతుంది. పైసా అక్కర్లేదు."

అందరూ చప్పట్లు కొట్టారు. హాలు మూల తడి కోట్లూ సంచులూ గుట్టపడ్డాయి. ఆమెను ఒక్కమాట అడిగినవాళ్ళు లేరు.

గుంపులో అందరికన్నా చిన్నదైన అమ్మాయి ఖాళీ కప్పులు పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. "అక్కా, నాకు మొహమాటంగా ఉంది. ఆ కొట్టావిడ అంతగా అడిగితేనే వద్దన్నారు కదా మీరు. మళ్ళీ మా కోసం ఈ శ్రమంతా ఎందుకు?"

"ఏ కొట్టావిడ?"

"అదే అక్కా, అంగడి దారిలో కొండల సామాను అమ్ముతుందే! గురువుగారు తాడు కొన్న రోజు నేనూ ఉన్నాను. ఆయన సంచిని ఆవిడ తిప్పితిప్పి చూసి, ఇది కుట్టినవాళ్ళని పంపించండి, పనిస్తాను అంది. మీకు ఇల్లు వదలడం ఇష్టం ఉండదని చెప్పారు గురువుగారు. మొన్న వెళ్తే నన్ను మళ్ళీ అడిగింది."

ఆమె చేతిలో కప్పు కడిగి బోర్లించింది.

వాన వెలిసి అందరూ వెళ్ళిపోయాక హాల్లోకి వచ్చింది. ఆయన తడిసిన మేజోళ్ళు విప్పి ఆమె వైపు చాపాడు. ఆమె అందుకోలేదు.

"కొట్టావిడ నన్ను రమ్మందటగా?"

"ఓ, అదా! ఏదో ఊరికే అడిగిందిలే."

"ఎప్పుడు?"

"పోయిన చలికాలం. ఆలోచించాను కూడా. నువ్వు పొద్దస్తమానం అక్కడ కూర్చుంటే రొట్టె కొనాలి, మెషీన్ వెయ్యాలి, బస్సెక్కాలి. మనకి గిట్టుబాటు కాదు."

చలికాలమంతా తను అద్దం బయట నిలబడింది. లోపల తన కోసం ఎదురుచూశారు. మధ్యలో ఈయన, చేతిలో మేజోళ్ళతో. ఆమెకి ఏడుపు రావాలి, రాలేదు. అసహ్యం వేసింది, వెంటనే నవ్వొచ్చింది. ఇన్ని కొండలెక్కినవాడు, ఇంట్లో రొట్టె ఎవరు కాలుస్తారోనని హడలిపోయాడు! ఇంతటి మనిషి నవ్వుకా తను ఇన్నాళ్ళూ జంకింది?

మర్నాడు పొద్దున ఆయన లేచి వచ్చేసరికి ఆమె చెప్పులేసుకుని గుమ్మం దగ్గరుంది. ఆయన వీపుసంచిలోవన్నీ నేలమీద కుప్పపోసి, ఖాళీ సంచి తన భుజాన వేసుకుంది. కుట్టు చూపిస్తే చాలు, మిగతా భాష నిదానంగా వస్తుంది.

"ఎక్కడికి? ఆ గుట్టంతా ఎవరు కుడతారు? వాళ్ళకి మాటిచ్చాను నేను!" అన్నాడాయన.

"అవునండీ, మాటిచ్చింది మీరే" అందామె తలుపు తీస్తూ. "సూదులు ఆ డబ్బాలో ఉన్నాయి. దారం మాత్రం వృథా చెయ్యకండి."