పేలింది నేను కాదు

నేను ఒక గ్యాస్ పొయ్యిని. రెండు బర్నర్లు, స్టీలు ఒళ్ళు, ఎడమవైపు నాబు కాస్త బిగువు. ఒకసారి పేపరుకెక్కాను కూడా. పేపర్లో పడితే మనుషులకు మహా సంతోషమట. నాకు మాత్రం ఆ వార్త వినగానే ఒళ్ళు మండింది. మండటమే నా బతుకైనా ఆ మంట వేరు.

హైదరాబాదు శివార్లలో ఓ చిన్న కార్ఖానాలో పుట్టాను. రేకును అచ్చులో నొక్కి ఒళ్ళు చేశారు. ఇత్తడి కరిగించి బర్నర్లు పోశారు. మొదటిసారి నా బెజ్జాల్లోంచి నీలంగా మంట లేచినప్పుడు పరీక్ష చేసే మనిషి ‘ఊఁ’ అని పక్కకు నెట్టాడు. నా జన్మలో నేను అందుకున్న మెప్పు అదొక్కటే. అక్కడినుంచి అట్టపెట్టెలో చీరాల చేరి, ఒక సామాన్ల కొట్టులో దుమ్ము పట్టి కూర్చుంటే, మాణిక్యమ్మ వచ్చి తీసుకెళ్ళింది.

మాణిక్యమ్మ భర్త ఆదిశేషయ్య బస్సు కండక్టరు. పిల్లల్లేరు. ఆయన పొద్దున పోతే పొద్దుగూకాక వచ్చేవాడు. పగలంతా ఆమెకు నేను, నాకు ఆమె. ఆమెకు నేనంటే భక్తి సగం, భయం సగం. వంటింట్లోకి రాగానే కిటికీ తెరిచేది. ముక్కు ఎగబీల్చి వాసన చూసేది. అగ్గిపుల్ల గీశాకే నాబు తిప్పేది. మంట పసుపురంగుకు తిరిగిందంటే బర్నరు తీసి పిన్నీసుతో బెజ్జాలు పొడిచి కడిగేది. రబ్బరు ట్యూబు వంచి, ఎక్కడైనా పగుళ్ళున్నాయేమోనని వెలుతుర్లో చూసేది. “రోజూ అన్నం పెట్టే నిప్పు. దీన్ని అలుసుగా చూడకూడదయ్యా,” అని మొగుడికి చెప్పేది. ఆయన “రైట్ రైట్” అని నవ్వి వెళ్ళిపోయేవాడు.

ఆదిశేషయ్య రిటైరైన ఏడాదే మాణిక్యమ్మ జ్వరంతో పోయింది. ఆ తర్వాత నాకు పని తగ్గింది. పొద్దున టీ, మధ్యాహ్నం ఇంత అన్నం. ఒక బర్నరు వెలిగించడమే మానేశాడు. జీవితమంతా కిక్కిరిసిన బస్సులో జనాన్ని తోసుకుంటూ తిరిగిన మనిషి, ఖాళీ ఇంట్లో ఒక్కడే తిరుగుతుంటే గోడలకు కూడా ఏం మాట్లాడాలో తోచేది కాదు. అప్పుడప్పుడు నా ముందు నిలబడి, టీ కాగుతుంటే, పాత రూట్లో స్టాపుల పేర్లు వరసగా చెప్పుకునేవాడు. దిగేవాళ్ళు ఎవరూ లేరు.

సాయంత్రాలు మాత్రం దావీదు వచ్చేవాడు. ఇద్దరిదీ ఒకే బస్సు. ఈయన కండక్టరు, ఆయన డ్రైవరు. డాబామీద కూర్చుని చెరో గ్లాసు తాగి, కబుర్లు చెప్పుకునేవాళ్ళు. తాగింది తక్కువ, నవ్వింది ఎక్కువ.

అంతలో ఆ కరోనా రోగం వచ్చింది. ఊళ్ళన్నీ తలుపులేసుకున్నాయి. బ్రాందీ షాపులు మూతపడ్డాయి. దావీదు రావడం మానేశాడు. ఆదిశేషయ్య ఫోన్ చేసి, “సందులెంట నడిచి రారా, ఎవరు చూస్తారు?” అని బతిమాలాడు.

“వచ్చి ఏం చెయ్యమంటావు? నీ మొహం చూస్తా కూర్చోనా?” అని దావీదు అవతల నవ్వాడు.

అది వట్టి హాస్యమే. కానీ ఒంటరివాడి చెవిలో హాస్యం కూడా నిజంలాగే పడుతుంది. గ్లాసులో పోయడానికి ఏదైనా ఉంటే దావీదు వస్తాడని ఆదిశేషయ్యకు పట్టుకుంది. ఫోన్లో ఎవడో నవ్వుతూ ఇంట్లోనే సారా కాచే వీడియో పెట్టాడు. దాన్ని పదేపదే చూశాడు. బెల్లం, కుళ్ళిన పళ్ళు డబ్బాలో ఊరేశాడు. మాణిక్యమ్మ పప్పు ఉడికించిన కుక్కరు దించి, మూతకు రబ్బరు ట్యూబు బిగించి, నా మీద పెట్టాడు. వాసన వీధిలోకి పోకుండా కిటికీ మూసి, సందుల్లో పాత గుడ్డలు కుక్కాడు. అన్నేళ్ళలో ఆ కిటికీ మూసి ఉండగా నేను వెలగడం అదే మొదలు. నాబు తిప్పితే మండటమే గాని, కాదనే నోరు నాకు లేదు.

మొదటిసారి గండం గడిచింది. దావీదు వచ్చాడు. ఒక గుక్క తాగి, “ఇదేందిరా, డీజిల్ పోశావా?” అని దగ్గాడు. ఆదిశేషయ్య పగలబడి నవ్వాడు. ఊరు తలుపులేసుకున్నాక ఆ ఇంట్లో నవ్వు వినిపించడం అదే మొదటిసారి.

రెండోసారి మధ్యాహ్నం పెట్టారు. దావీదు పొయ్యి పక్కనే పీటమీద కూర్చున్నాడు. వేడికి మెత్తబడిన ట్యూబు మూతనుంచి జారిపోయింది. ఆవిరి బుస్సుమని గదంతా కమ్ముకుంది. నిప్పుకి సారా ఆవిరైతేనేం, గ్యాసైతేనేం? భగ్గుమంది. కుక్కరు మూత ఎగిరి గోడకు కొట్టుకుంది. దావీదు మెడా మొహమూ కాలాయి. ఆయన చొక్కా ఆర్పబోయి ఆదిశేషయ్య రెండు చేతులూ కాల్చుకున్నాడు. పక్క వాటాలో బట్టలు కుట్టే ఖైరున్నీసా తలుపు తోసుకుని వచ్చింది. తడి దుప్పటి చేత్తో పట్టుకుని, ముందు సిలిండరు రెగ్యులేటరు కట్టేసి, తర్వాత దుప్పటి వాళ్ళమీద కప్పింది.

మర్నాడు పేపర్లో ‘గ్యాస్ పొయ్యి పేలి ఇద్దరికి గాయాలు’ అని వచ్చింది. ఖైరున్నీసా పైకి చదివితే విన్నాను. ఒంటిమీద ఒక్క సొట్ట లేకుండా నిలబడి, పేలిపోయాననిపించుకున్నాను.

ఆ వార్త రాసిన సుహాసిని ఆసుపత్రిలో విన్నది విన్నట్టు రాసిందట. అనుమానమొచ్చి ఇల్లు చూడటానికి వచ్చింది. నన్ను చూసింది. సిలిండరు చూసింది. గుడ్డలు కుక్కిన కిటికీ, వంకర తిరిగిన కుక్కరు మూత చూసింది. చేతులకు కట్లతో ఆదిశేషయ్య గడప దగ్గర నిలబడ్డాడు.

“పొయ్యి పేలలేదు కదా బాబాయ్?”

“గ్యాస్ లీకైందనే ఉండనియ్యమ్మా. ఈ వయసులో సారా కాచాడంటే ఏం మొహం పెట్టుకుని తిరగను? కేసవుద్ది.”

“ఆ వీడియో ఊరంతా తిరగతంది. వెనకవీధిలో రబ్బరు ట్యూబులు కొంటన్నారు. పొయ్యి పేలిందని చదివితే జనం పొయ్యిని అనుమానిస్తారు. కుక్కరు మాత్రం ఎక్కిస్తానే ఉంటారు.”

మంచంలో మూలుగుతున్న దావీదు గుర్తొచ్చాడో ఏమో, ఆయన తన చేతి కట్ల వంక చూసుకున్నాడు. “వాడి పేరు తీసెయ్. వాడు చూడటానికి వచ్చినోడు. నా పేరు రాయి. కిటికీ మూశానని కూడా రాయి.”

రాసింది. ఎక్సైజు వాళ్ళు వచ్చి కేసు కట్టారు. కుక్కరుతోపాటు నన్నూ జీపెక్కించారు. మనుషుల న్యాయం విచిత్రమైనది. పేలలేదని తేలిన రోజే నేను ముద్దాయినయ్యాను.

ఇప్పుడు నా కాపురం ఎక్సైజు స్టేషన్లో, పట్టుబడ్డ సామాన్ల గదిలో. నా మీద చీటీ అంటించారు. బెజ్జాల్లో సాలీడు గూడు కట్టింది. దావీదు బతికాడు. కానీ అల్లుడు ఆయన్ని ఆదిశేషయ్య గడప తొక్కనివ్వడం లేదని కానిస్టేబుళ్ళు చెప్పుకోగా విన్నాను. ఆదిశేషయ్య సంతకం పెట్టడానికి వారం వారం వస్తాడు. పని అయిపోయినా వెంటనే వెళ్ళడు. వచ్చేపోయే జనాన్ని చూస్తూ బయట బల్లమీద కూర్చుంటాడు.

నిన్న ఒక ఇల్లాలు సంచితో వచ్చింది. అందులో మూతకు ట్యూబు బిగించిన కుక్కరు. మసి అంటలేదు. ఇంకా పొయ్యెక్కనే లేదు.

“మా ఆయన చూసేలోపు తీసుకోండి సార్. ఎవరో పెద్దాయన చేతులు కాల్చుకుని, ఉన్నదున్నట్టు చెప్పాడంట పేపర్లో. అది చదివి నాకు వణుకు పుట్టింది.”

కానిస్టేబులు ఆ కుక్కరును తెచ్చి నా పక్కన పెట్టాడు. తెరిచిన తలుపులోంచి నాకు బల్ల కనిపించింది. ఆదిశేషయ్య జరిగి, ఆమెకు చోటిచ్చాడు.

“కూర్చో అమ్మా. ఎండన పడి వచ్చావు.”

ఆమె కూర్చుంది. ఆయన కాలి ముడతలు పడిన చేతులు రెండూ కండువా కిందికి తీసుకున్నాడు. ఇద్దరూ కాసేపు ఎండల గురించి మాట్లాడుకున్నారు.

కానిస్టేబులు గది తలుపు మూశాడు.